గుర్రపుశాలలో థర్మల్ కెమెరా: చిత్రం తీయడం తేలిక, మాట చెప్పడం కష్టం

థర్మల్ కెమెరా చేతికి రాగానే చాలామంది చేసే తప్పు ఒకటే. గుర్రం కాలి మీద ఎర్రగా కనిపించిన చోట వేలు పెట్టి, "నొప్పి ఇక్కడే" అని ట్రైనర్‌కు చెప్పేస్తారు. ఆ మాట తప్పయితే బాగున్న గుర్రం రేసుకు దూరమవుతుంది, కుదిరిన అమ్మకం చెడుతుంది. "ఏమీ లేదు" అన్న మాట తప్పయితే దెబ్బతిన్న కాలితో గుర్రం పరుగుకు వెళ్తుంది. ఏది జరిగినా జవాబు చెప్పుకోవాల్సింది కెమెరా పట్టుకున్నవారే.

వెటర్నరీ డిగ్రీ పూర్తిచేసి గుర్రాల ప్రాక్టీస్‌లోకి వస్తున్నవారు, రేస్‌కోర్సుల్లో, స్టడ్ ఫామ్‌లలో, రైడింగ్ స్కూళ్లలో అసిస్టెంట్లుగా పనిచేస్తున్నవారు, ఈ పరికరంతో సర్వీస్ మొదలుపెడదామని లెక్కలు వేసుకుంటున్నవారు కొన్ని విషయాలు ముందే తెలుసుకోవాలి. కెమెరా చూపించేది చర్మం మీద వేడిలో ఉన్న తేడాను మాత్రమే. ఆ తేడా వాపు వల్ల వచ్చిందా, పట్టీ వల్ల వచ్చిందా, ఎండ వల్ల వచ్చిందా అన్నది మీరు పాటించిన పద్ధతే చెప్పాలి. పద్ధతి లేని చోట ఎంత ఖరీదైన కెమెరా అయినా రంగుల బొమ్మలే ఇస్తుంది.

కెమెరా ఏం చూస్తుంది, ఏం చూడదు

గుర్రం చర్మం నుంచి వెలువడే ఇన్‌ఫ్రారెడ్ కిరణాలను థర్మల్ కెమెరా పట్టుకుని ఉష్ణోగ్రతల పటంగా మారుస్తుంది. ఒకచోట వాపు మొదలైతే అక్కడికి రక్తప్రవాహం పెరుగుతుంది, పైనున్న చర్మం వేడెక్కుతుంది. రక్తప్రవాహం తగ్గితే ఆ చోటు చల్లబడుతుంది. నరం దెబ్బతిన్నా, పాత గాయం గట్టిపడినా, రక్తనాళంలో అడ్డు ఏర్పడినా చల్లటి మచ్చ కనిపించవచ్చు. కాబట్టి ఎరుపును వెతికినంత శ్రద్ధగా నీలాన్నీ వెతకాలి.

ఈ విద్య కొత్తదేమీ కాదు. గుర్రాల వైద్యంలో థర్మోగ్రఫీ మీద పరిశోధన వ్యాసాలు 1960ల నుంచే ఉన్నాయి. 1970లలో స్వీడన్‌కు చెందిన బో స్ట్రోంబర్గ్ రేసు గుర్రాల టెండన్‌లను ఈ పద్ధతిలో పరిశీలించారు. కుంటు బయటపడకముందే ఫ్లెక్సర్ టెండన్ మీద వేడి కనిపించవచ్చన్న అవగాహన అలాంటి పనుల నుంచే వచ్చింది. కొన్ని కేసుల్లో కుంటుకు రెండు వారాల ముందే వేడి కనిపిస్తుందని ఈ రంగంలో చెబుతారు. గుర్రాల విషయంలో ఈ కెమెరాకున్న అసలు విలువ ఈ ముందస్తు సమయమే.

దీనికి హద్దులూ ఉన్నాయి. కెమెరా చర్మం లోపలికి చూడలేదు. తుంటి కీలులోనో, మందపాటి కండరాల కిందనో ఉన్న సమస్య వేడి పైన చర్మం మీద కనిపించకపోవచ్చు. గిట్ట లోపల నావిక్యులర్ ఎముక దగ్గర పాత నొప్పి ఉన్న గుర్రం చిత్రంలో మామూలుగానే కనిపించవచ్చు. కెమెరాలో ఏమీ లేదంటే కెమెరాకు అందేంతలో ఏమీ లేదని మాత్రమే అర్థం.

మన వాతావరణమే మొదటి చిక్కు

పాఠ్యపుస్తకాల్లో ఈ పరీక్షకు 20 నుంచి 25 డిగ్రీల గది, గాలి కదలిక లేని చోటు, నేరుగా ఎండ పడని వెలుతురు కావాలని ఉంటుంది. హైదరాబాద్‌లో మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటుతుంది. చుట్టూ ఉన్న గాలి చర్మమంత వేడిగా ఉన్నప్పుడు కాలికీ కాలికీ మధ్య తేడా చెరిగిపోతుంది. దానికితోడు గుర్రానికి చెమట పడుతుంది. చెమట ఆరేచోట చర్మం చల్లబడి, లేని మచ్చలు పుడతాయి.

మన దగ్గర ఈ పనికి తగిన సమయం తెల్లవారుజాము, అదీ ట్రాక్‌వర్క్ మొదలుకాకముందు, గుర్రం ఇంకా తన స్టాల్‌లో ఉండగా. రేస్‌కోర్సు దినచర్య చీకటి ఉండగానే మొదలవుతుంది కాబట్టి మీ దినచర్య అంతకన్నా ముందే మొదలవ్వాలి. పదింటికి వచ్చి చూడమనే క్లయింట్ విజిట్లను ఎండాకాలంలో ఒప్పుకోకండి. ఒప్పుకుంటే ఆ రోజు తీసిన చిత్రాలకు మీరే పూచీ పడలేరు.

హైదరాబాద్ మలక్‌పేట రేస్‌కోర్సులో వానాకాలం సీజన్ రేసులు జరిగే నెలల్లో చిక్కు మరో రకం. వెంట్రుకలు తడిగా ఉంటే చిత్రం పనికిరాదు. తుడిచిన వెంటనే తీసినా పనికిరాదు, ఎందుకంటే టవల్ రాపిడి వేడి కొంతసేపు నిలుస్తుంది. పూర్తిగా ఆరేదాకా ఆగాలి. ఫ్యాన్ ఒకవైపు నుంచే తగులుతుంటే ఆ వైపు కాళ్లు చల్లగా కనిపిస్తాయి. ఫ్యాన్ ఆపించి, కాసేపు ఆగి, అప్పుడు తీయండి. పక్క గోడకు పొద్దుటి ఎండ తగులుతుంటే ఆ గోడ వేడి గుర్రం మీద పడుతుంది. గుర్రాన్ని గోడకు దూరంగా జరపండి.

గుర్రాన్ని సిద్ధం చేయించడం

చెడిపోయిన చిత్రాల్లో ఎక్కువ భాగం కెమెరా ఆన్ చేయకముందే చెడిపోతాయి. ముందురోజు సాయంత్రమే గుర్రాన్ని చూసుకునే సైస్‌కు, ట్రైనర్‌కు ఈ సూచనలు చేరాలి:

కాళ్ల పట్టీలు పరీక్షకు కనీసం రెండు గంటల ముందు విప్పాలి. రగ్గు కూడా తీసేయాలి.

ముందురోజు రాత్రి నుంచి లినిమెంట్, కర్పూరం నూనె, పుల్టీసు, ఐస్, నీళ్ల పైపు ఏవీ కాళ్లకు తగలకూడదు. మాలిష్ చేయకూడదు.

బ్రష్ చేయడం, బురద దులపడం గంట ముందే పూర్తికావాలి. ఎండిన బురద వేడిని ఆపేస్తుంది.

వేగంగా పరిగెత్తించిన గుర్రాన్ని వెంటనే తీయకూడదు. కనీసం రెండు గంటలు ఆగాలి, వీలైతే మర్నాటి ఉదయం తీయాలి.

బయటి నుంచి తెచ్చిన గుర్రాన్ని పరీక్ష చేసే చోట నిలబెట్టి ఒంటి వేడి సర్దుకోనివ్వాలి. స్టాల్‌లోనే ఉన్న గుర్రానికి 20 నిమిషాలు చాలవచ్చు. ఎండలో నడిచి వచ్చినదానికి గంట కూడా పట్టవచ్చు.

నొప్పి తగ్గించే మందు, మత్తుమందు, నెర్వ్ బ్లాక్ ఇచ్చారా, ఎప్పుడు ఇచ్చారు అన్నది రాసి పెట్టాలి. అవి రక్తప్రవాహాన్నీ వాపునూ మార్చేస్తాయి కాబట్టి చిత్రం కూడా మారుతుంది.

సూచన ఇచ్చాం కదా, పాటించి ఉంటారు అనుకోకండి. అడిగే తీరులోనే నిజం బయటికి వస్తుంది. "పట్టీలు విప్పారా?" అంటే "విప్పినం డాక్టర్ సాబ్" అనే జవాబు తప్ప వేరేది రాదు. "అన్నా, పట్టీ ఎన్నింటికి విప్పినవ్? విప్పినప్పుడు కాలు తడిగ ఉండెనా?" అని అడగండి. "మీరొస్తుండ్రని ఇప్పుడే విప్పిన సార్" అని ఉన్నదున్నట్టు చెబుతాడు. అప్పుడు ఆయన్ను తప్పుపట్టకండి. రెండు గంటలు ఆగండి, లేదా మర్నాడు రండి. గుర్రం దగ్గర రోజంతా ఉండేది సైస్. రాత్రి ఏ కాలు ఎత్తి పట్టుకుంటోంది, మేత ఎంత మిగిల్చింది, లాడం ఎప్పుడు మార్చారు అన్న సమాచారం ఆయన దగ్గరే దొరుకుతుంది. ఆయన మీతో నిజం మాట్లాడడం మానేసిన రోజు మీ పనిలో సగం దెబ్బతింటుంది.

కెమెరా సెట్టింగ్‌లు: ఎక్కడ మోసపోతాం

ఈ పనికి 320×240 రిజల్యూషన్‌కు తక్కువైన కెమెరా వద్దు. ఫోన్‌కు తగిలించుకునే చిన్న పరికరాలు అలవాటు పడటానికి బాగుంటాయి కానీ టెండన్ మీద ఉండే సన్నటి వేడి గీతను విడదీసి చూపించలేవు. 0.05 డిగ్రీ తేడాను కూడా గుర్తించగల సున్నితత్వం ఉన్నది తీసుకోండి.

స్పెసిఫికేషన్లలో రెండు అంకెలను కలిపేయకండి. సున్నితత్వం 0.05 డిగ్రీ అని రాసి ఉన్న అదే కెమెరాకు కచ్చితత్వం సాధారణంగా ప్లస్ లేదా మైనస్ 2 డిగ్రీలు అని ఉంటుంది. అంటే ఒకే ఫ్రేములో రెండు చోట్ల మధ్య తేడాను అది బాగా చెబుతుంది, కానీ తెర మీద కనిపించే 33.4 అన్న అంకె అసలు విలువకు రెండు డిగ్రీలు అటూ ఇటూ ఉండవచ్చు. మనం వెతికే తేడా ఒక డిగ్రీ దగ్గర ఉంటుంది. కాబట్టి ఎడమ కాలిని ఒక ఫ్రేములో, కుడి కాలిని పది నిమిషాల తర్వాత మరో ఫ్రేములో తీసి అంకెలు పోల్చకండి. రెండు కాళ్లూ ఒకే ఫ్రేములో, ఒకే దూరం నుంచి, ఒకే కోణంలో రావాలి. పక్క నుంచి తీసే వ్యూల్లో అది కుదరదు కాబట్టి వాటిని వెంటవెంటనే తీయండి, స్కేలు మార్చకండి.

ఇంతకన్నా పెద్ద మోసం ఆటో స్కేలు చేస్తుంది. ఫ్రేములో ఉన్న అతి తక్కువ, అతి ఎక్కువ ఉష్ణోగ్రతల మధ్య రంగులను కెమెరా తనంతట తానే సర్దేస్తుంది. కాలి మొత్తం మీద తేడా ఒకటిన్నర డిగ్రీలే ఉన్నా ఒకచోట నల్లగా, మరోచోట మండుతున్నట్టు కనిపిస్తుంది. చూసిన ఓనర్ కంగారు పడతాడు. మీరూ పడతారు. స్కేలును చేత్తో ఫిక్స్ చేసి, ఆ గుర్రానికి తీసే అన్ని చిత్రాల్లో అదే ఉంచండి. తర్వాతి విజిట్‌లోనూ సాధ్యమైనంత వరకు అదే స్కేలు, అదే ప్యాలెట్ వాడండి. ఎమిసివిటీని, అంటే ఉపరితలం ఇన్‌ఫ్రారెడ్ కిరణాలను ఎంతగా వెలువరిస్తుందో చెప్పే సెట్టింగ్‌ను, 0.98 దగ్గర పెట్టండి.

కెమెరాను పని మొదలుపెట్టడానికి పది నిమిషాల ముందే ఆన్ చేయండి. మధ్యమధ్య 'క్లిక్'మని షటర్ శబ్దం వచ్చినప్పుడు అది తనను తాను సరిచూసుకుంటోందని అర్థం. ఆ క్షణంలో ఫొటో తీయకండి. కాలికి ఎదురుగా నిలబడి తీయండి. బాగా పక్కకు జరిగి వాలుగా తీస్తే ఉపరితలం ఉన్నదానికన్నా చల్లగా కనిపిస్తుంది. ఫోకస్ చెడిన చిత్రాన్ని తర్వాత కంప్యూటర్‌లో బాగుచేయలేరు. అక్కడికక్కడే మళ్లీ తీయండి.

చిత్రాన్ని చదవడం

ఆరోగ్యంగా ఉన్న కాలి పటం మనసులో నిలిచిపోవాలి. గిట్ట పై అంచు, అంటే కోరొనరీ బ్యాండ్, రక్తనాళాలు ఎక్కువగా ఉండే చోటు కాబట్టి కింది కాలిలో అదే అన్నిటికన్నా వేడిగా ఉంటుంది. కానన్ ఎముకకూ టెండన్‌లకూ మధ్య రక్తనాళం వెంట వెచ్చటి గీత ఉంటుంది. కానన్ ముందుభాగం, ఫెట్‌లాక్, పాస్టర్న్ దానికన్నా చల్లగా ఉంటాయి. వెనక నుంచి చూస్తే టెండన్‌లు రెండు కాళ్లలోనూ ఒకేలా, కాస్త చల్లగా కనిపించాలి.

రెండు కాళ్లలో ఒకే చోట ఒక డిగ్రీ లేదా అంతకన్నా ఎక్కువ తేడా ఉంటే ఆగి చూడండి. ఆ తేడాను ఇంకా వ్యాధి అనకండి. వెంట్రుకలు ఒకవైపే కత్తిరించారా, అల్ట్రాసౌండ్ కోసం గీశారా, పాత మచ్చ ఉందా, ఆ వైపు పడుకుని లేచిందా అని చూసుకోండి. మెడను పోల్చేటప్పుడు జూలు ఏ వైపు పడి ఉందో గమనించండి. జూలు కప్పిన వైపు వెచ్చగానే ఉంటుంది. చల్లటి వేళల్లో ఏ జబ్బూ లేని గుర్రాల పాదాల్లో కూడా రక్తప్రవాహం హెచ్చుతగ్గులవుతూ, కాసేపు ఒక గిట్ట వెచ్చగా, మరొకటి చల్లగా ఉండవచ్చు. అందుకే ఒకసారి తీసిన చిత్రం మీద తీర్పు చెప్పకూడదు. కొంత వ్యవధి ఇచ్చి మళ్లీ తీసినప్పుడు కూడా అదే చోట అదే తేడా ఉంటే దానికి విలువ ఉంది.

ఆ తర్వాత కెమెరా పక్కన పెట్టి చేతులు వాడండి. టెండన్‌ను రెండు వేళ్ల మధ్య పట్టుకుని పైనుంచి కిందికి మెల్లగా నొక్కుతూ వెళ్లండి. ఒకచోట గుర్రం కాలు లాక్కుంటే, రెండోసారీ అదే చోట లాక్కుంటే అది రాయండి. గట్టి నేల మీద నడిపించి, ట్రాట్ చేయించి చూడండి. ముందుకాలు నొప్పిగా ఉన్న గుర్రం ఆ కాలు నేలకు తాకేటప్పుడు తల పైకెత్తుతుంది, బాగున్న కాలు మీద దించుతుంది. కుంటును 0 నుంచి 5 వరకు గ్రేడ్ చేసే అమెరికా గుర్రాల వైద్యుల సంఘం (ఏఏఈపీ) స్కేలు అందరికీ తెలిసినది. మీరూ అదే వాడితే మీ మాట ఇతర డాక్టర్లకు అర్థమవుతుంది.

నొప్పి ముఖంలోనూ కనిపిస్తుంది. 2014లో వచ్చిన హార్స్ గ్రిమేస్ స్కేలు చెవులు వెనక్కి బిగుసుకోవడం, కంటి పైభాగం ముడుచుకోవడం, దవడ కండరాలు బిగియడం లాంటి ఆరు గుర్తులను చూస్తుంది. సవారీలో ఉన్న గుర్రానికి స్యూ డైసన్ రూపొందించిన 24 ప్రవర్తనల జాబితా ఉంది. అందులో ఎనిమిది లేదా అంతకన్నా ఎక్కువ కనిపిస్తే కండరాల్లోనో కీళ్లలోనో నొప్పి ఉండే అవకాశం గట్టిగా ఉందని తీసుకుంటారు. ఇవి నేర్చుకోవడానికి పరికరాల ఖర్చు లేదు. కెమెరా నేర్చుకున్నంత శ్రద్ధగా వీటినీ నేర్చుకోండి.

తరచూ ఎదురయ్యే కేసులు

*కుంటు లేదు, వేడి ఉంది.* తొమ్మిది రోజుల్లో రేసు ఉన్న నాలుగేళ్ల గుర్రం అనుకోండి. ఎడమ ముందుకాలు టెండన్ మధ్యభాగం కుడికన్నా ఒకటిన్నర డిగ్రీలు వెచ్చగా ఉంది. నడకలో తేడా లేదు. ట్రైనర్ "బాగానే ఉరుకుతుంది కదా" అంటాడు. ఇక్కడ చేయాల్సింది మర్నాడు అదే వేళకు మళ్లీ చిత్రం తీయడం, వేడి అలాగే ఉంటే అల్ట్రాసౌండ్ చేయించడం. అప్పటిదాకా వేగంగా పరిగెత్తించవద్దని డాక్టర్ చేత రాతపూర్వకంగా చెప్పించండి. కొన్ని రోజుల విశ్రాంతికి పోయే ఖర్చు, టెండన్ చిరిగిన గుర్రం నెలల తరబడి నిలిచిపోతే అయ్యే నష్టం ముందు చాలా చిన్నది. ట్రైనర్‌తో మాట్లాడేటప్పుడు ఈ లెక్కతోనే మాట్లాడండి. ఆయన మీద ఓనర్ ఒత్తిడి ఉంటుంది. ఆయనకు ఓనర్ ముందు పెట్టడానికి కాగితం కావాలి.

*కుంటు ఉంది, వేడి లేదు.* చిత్రాలన్నీ మామూలుగా ఉన్నాయి, గుర్రం స్పష్టంగా కుంటుతోంది. చిత్రం బాగుందని కుంటును తోసిపుచ్చకండి. సమస్య లోతున ఉందని తీసుకుని నెర్వ్ బ్లాక్, ఎక్స్‌రేల వైపు పంపండి. "థర్మల్ స్కానింగ్‌లో ఏమీ రాలేదు" అన్న వాక్యాన్ని విడిగా ఎక్కడా రాయకండి. ఆ ఒక్క లైను కత్తిరించి, కుంటులేని గుర్రమని చూపించుకునేవాళ్లు ఉంటారు.

*రెండు కాళ్లూ ఒకేలా వేడిగా ఉన్నాయి.* ఎడమ కుడి పోల్చడం అలవాటైనవారు ఇక్కడే దెబ్బతింటారు. లామినైటిస్‌లో సాధారణంగా రెండు ముందు గిట్టలూ కలిసే చెడతాయి. ఎడమకూ కుడికీ తేడా రాదు కాబట్టి చిత్రం సరిగ్గానే ఉందనిపిస్తుంది. కోరొనరీ బ్యాండ్‌కూ గిట్ట గోడకూ మధ్య మామూలుగా ఒకటి రెండు డిగ్రీల తేడా ఉంటుంది. ఆ తేడా పోయి గిట్ట అంతా ఒకే రంగులోకి వస్తే అనుమానించాలి. ముందు గిట్టలను వెనక గిట్టలతో పోల్చండి, పాస్టర్న్ దగ్గర నాడి గట్టిగా కొట్టుకుంటోందేమో చూడండి. ఇందులో మర్నాటి దాకా ఆగకూడదు, వెంటనే డాక్టర్‌ను పిలవాలి. రెండేళ్ల గుర్రాల్లో కానన్ ముందుభాగం రెండు కాళ్లలోనూ వెచ్చబడితే అది కొత్త ట్రైనింగ్ తాలూకు షిన్ నొప్పి కావచ్చు. అక్కడ కూడా ఎడమ కుడి పోలిక ఏమీ చెప్పదు. ఉండాల్సిన పటంతో పోల్చాల్సిందే.

*వేడి ఒక కాలిలో, జబ్బు మరో కాలిలో.* కుడికాలు నొప్పిగా ఉన్న గుర్రం బరువంతా ఎడమకాలి మీద వేస్తుంది. రోజులు గడిచేకొద్దీ ఎడమ ఫెట్‌లాక్, ఎడమ టెండన్ వెచ్చబడతాయి. చిత్రం ఎడమను చూపిస్తుంది, కుంటు కుడిలో ఉంటుంది. నడక చూడకుండా రిపోర్ట్ రాస్తే మంచి కాలికి వైద్యం మొదలవుతుంది.

*లాడం తర్వాత వేడి.* లాడం మార్చాక ఒక గిట్ట మాత్రమే వెచ్చగా ఉండి, గుర్రం ఆ కాలు ఆనించడానికి జంకుతుంటే మేకు లోపలికి దగ్గరగా దిగిందేమో, చీము పడుతోందేమో చూడాలి. లాడం కొట్టిన నాల్‌బంద్‌ను పక్కన పెట్టుకుని చూడండి. ఆయన లేనప్పుడు ఆయన మీద తప్పు మోపకండి. హూఫ్ టెస్టర్‌తో నొక్కి నిర్ధారించాకే మాట్లాడండి.

రిపోర్ట్ ఎలా రాయాలి

రిపోర్ట్‌లో మొదట పరిస్థితులు రాయాలి: తేదీ, సమయం, గాలి ఉష్ణోగ్రత, తేమ, పట్టీ విప్పిన సమయం, చివరిసారి పరిగెత్తించిన సమయం, ఇచ్చిన మందులు, స్కేలు, దూరం. ఆ తర్వాత చూసినది, తాకి తెలుసుకున్నది, నడకలో కనిపించినది విడివిడిగా రాయాలి. చివర్లో ఏం చేయాలో రాయాలి. ఒక నమూనా:

"ఎడమ ముందుకాలు, వెనక వ్యూ: కానన్ మధ్యభాగంలో టెండన్ మీద కుడికన్నా 1.6 డిగ్రీలు ఎక్కువ. 40 నిమిషాల తర్వాత మళ్లీ తీయగా 1.5. నొక్కితే అదే చోట రెండుసార్లు కాలు లాక్కుంది. గట్టి నేల మీద ట్రాట్‌లో కుంటు కనబడలేదు. సూచన: 24 గంటల తర్వాత మళ్లీ చిత్రం, టెండన్ అల్ట్రాసౌండ్, అప్పటిదాకా నడక మాత్రమే."

ఇందులో "టెండన్ చిరిగింది" అన్న మాట లేదు, ఉండకూడదు కూడా. చిరిగిందో లేదో అల్ట్రాసౌండ్ చెబుతుంది. "కచ్చితంగా", "ఏ సమస్యా లేదు", "రేసుకు ఫిట్" అన్న మాటలు థర్మల్ రిపోర్ట్‌లోకి రానీయకండి. రంగుల చిత్రంతో పాటు ఒరిజినల్ రేడియోమెట్రిక్ ఫైలు దాచుకోండి. వివాదం వస్తే స్కేలు మార్చి చూడటానికి వీలిచ్చేది అదే. మామూలు జేపీజీ మాత్రమే మిగిలితే మీ దగ్గర ఆధారం లేనట్టే.

మీ రిపోర్ట్‌ను ఎవరో ఒకరు తప్పుపట్టే రోజు వస్తుందని అనుకునే రాయండి. అంతర్జాతీయ పోటీల్లో గుర్రాల కాళ్లు అతిసున్నితంగా ఉన్నాయా అని చూసేటప్పుడు అంతర్జాతీయ గుర్రపుస్వారీ సమాఖ్య (ఎఫ్ఈఐ) చేతి పరీక్షతో పాటు థర్మల్ కెమెరానూ వాడుతుంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో కెనడా రైడర్ టిఫనీ ఫోస్టర్ గుర్రం విక్టర్‌ను ఎడమ ముందుకాలి కోరొనరీ బ్యాండ్ దగ్గర అతిసున్నితత్వం ఉందని పోటీ నుంచి తప్పించారు. ఎవరైనా తప్పు చేశారని ఎఫ్ఈఐ అనలేదు. అయినా కెనడా జట్టు గట్టిగా అభ్యంతరం చెప్పింది, అప్పీలు తిరస్కరణకు గురైంది. అంత పెద్ద వేదిక మీదే వివాదం వస్తే మన దగ్గర రాదనుకోలేం. అమెరికాలో టెన్నెసీ వాకింగ్ గుర్రాలు కాళ్లు ఎగరేసి నడవాలని రసాయనాలతో, గొలుసులతో వాటి కాళ్లను పుండ్లు చేసే దుర్మార్గం ఉంది. దాన్ని అడ్డుకోవడానికి 1970లో హార్స్ ప్రొటెక్షన్ చట్టం వచ్చింది. అక్కడి తనిఖీల్లోనూ ఈ కెమెరా వాడారు. నోరులేని జీవికి జరిగిన హింసకు ఈ చిత్రం సాక్ష్యం కాగలదు. ఆ సాక్ష్యం నిలబడాలంటే తీసిన పద్ధతి నిలబడాలి.

ఒత్తిడి, రహస్యం, చట్టం

రేసు ప్రపంచంలో గుర్రం కాలి గురించిన సమాచారానికి డబ్బు విలువ ఉంటుంది. ఏ గుర్రానికి టెండన్ వెచ్చబడిందో ముందే తెలిస్తే బెట్టింగ్‌లో లాభపడేవాళ్లు ఉంటారు. చిత్రాలను వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి, స్నేహితులకు చూపించకండి, మీ ప్రచారానికి వాడుకోకండి. గుర్రం పేరు తీసేసినా మచ్చలను బట్టి, స్టాల్‌ను బట్టి తెలిసినవాళ్లు గుర్తుపడతారు. రిపోర్ట్ ఎవరెవరికి వెళ్లాలో పని మొదలుపెట్టే ముందే రాయించుకోండి.

అమ్మకానికి ముందు చేసే పరీక్షల్లో మీకు డబ్బు ఇస్తున్నది కొనేవారా, అమ్మేవారా అన్నది స్పష్టంగా ఉండాలి. ఇద్దరి దగ్గరా తీసుకోకండి. "ఆ ఒక్క ఫొటో వదిలెయ్, ఫీజు గురించి చూసుకుందాం" అనే మాట ఈ రంగంలో ఏదో ఒక రోజు వింటారు. చిత్రాలకు వరుస నంబర్లు ఉంటాయి, మధ్యలో ఒకటి లేకపోతే కనిపిస్తుంది, అలా ఇవ్వడం కుదరదని చెప్పండి. వాదన పెంచకుండా బయటపడటానికి ఈ జవాబు చాలు.

మీరు రిజిస్టర్డ్ వెటర్నరీ ప్రాక్టీషనర్ కాకపోతే మీ హద్దు తెలుసుకోండి. ఇండియన్ వెటర్నరీ కౌన్సిల్ చట్టం, 1984 ప్రకారం పశువైద్యం చేసే హక్కు, వెటర్నరీ సర్టిఫికెట్ ఇచ్చే హక్కు రిజిస్టరైన డాక్టర్లదే. మీరు చిత్రం తీయవచ్చు, పరిస్థితులు నమోదు చేయవచ్చు. రోగనిర్ధారణ, మందు, ఫిట్‌నెస్ మాట డాక్టర్ సంతకం కిందే రావాలి. డాక్టర్‌తో ఈ ఏర్పాటు లేకుండా కార్డు కొట్టించుకుని సర్వీస్ మొదలుపెట్టకండి.

పెట్టుబడి, కెరీర్

తెలుగు రాష్ట్రాల్లో గుర్రాల సంఖ్య తక్కువ. రేస్‌కోర్సు, కొన్ని స్టడ్ ఫామ్‌లు, రైడింగ్ క్లబ్బులు, పోలీసు గుర్రపు దళాలు, పెళ్లిళ్లకు వచ్చే గుర్రాలు, విశాఖ బీచ్ లాంటి చోట్ల సవారీ గుర్రాలు, ఇంతే. థర్మల్ స్కానింగ్ ఒక్కదాని మీద కుటుంబాన్ని నడుపుకోవచ్చని అప్పు చేయకండి. కుంటు పరీక్ష, అల్ట్రాసౌండ్ నేర్చుకున్న డాక్టర్‌కు కెమెరా అదనపు బలం. అవేవీ లేనివారికి అది అదనపు ప్రమాదం. పాడిపశువుల్లో పొదుగువాపు, గిట్టల సమస్యలు గుర్తించడానికి కూడా ఇదే పరికరం మీద పరిశోధనలు జరిగాయి. మన దగ్గర పాడి పెద్ద రంగం కాబట్టి ఆ వైపూ చేయి చాపండి.

ఒక్కో విజిట్‌కు డబ్బు తీసుకోవడం కన్నా నెలవారీ ఒప్పందం మేలు. బాగున్నప్పుడే ప్రతి గుర్రానికీ బేస్‌లైన్ చిత్రాలు తీసి ఉంచుకుంటే తర్వాత వచ్చే తేడాను ఆ గుర్రంతోనే పోల్చవచ్చు. కుంటిన రోజు మాత్రమే పిలిచే క్లయింట్‌కు మీరు ఇవ్వగలిగింది తక్కువ. ఆపాటికి ముందస్తు సమయం చేజారిపోయి ఉంటుంది. ఈ విషయాన్ని ఒప్పందం కుదుర్చుకునేటప్పుడే అర్థమయ్యేలా చెప్పండి.

పెళ్లి గుర్రాల యజమానులు, బీచ్‌లో గుర్రాలు తిప్పేవారు నెలవారీ ఒప్పందం భరించలేరు. అక్కడ కెమెరా కన్నా చేయి ఎక్కువ పనిచేస్తుంది. రోజూ పొద్దున నాలుగు కాళ్లూ తడిమి చూడటం, గిట్టలు శుభ్రం చేయడం, ఒక గిట్ట మిగతావాటికన్నా వెచ్చగా ఉంటే ఆ రోజు పనికి తీసుకెళ్లకపోవడం, ఈ మూడూ వారికి నేర్పితే చాలు. అది కూడా మన వృత్తిలో భాగమే. ఖరీదైన గుర్రానికీ, రోజు కూలీ తెచ్చే గుర్రానికీ నొప్పి ఒకేలా ఉంటుంది.

మొదటి మూడు నెలలు రిపోర్ట్‌లు అమ్మకండి. ఒప్పుకునే ఒక శాల చూసుకుని, ఏ సమస్యా లేని గుర్రాలను వేర్వేరు వేళల్లో, పట్టీ విప్పిన వెంటనే, రెండు గంటల తర్వాత, ట్రాక్‌వర్క్‌కు ముందు, తర్వాత తీసి పక్కపక్కన పెట్టి చూడండి. జబ్బు లేకుండానే చిత్రం ఎంత మారుతుందో అప్పుడు తెలుస్తుంది. ఆ తర్వాత అల్ట్రాసౌండ్ చేసే డాక్టర్ వెంట తిరుగుతూ, మీ అనుమానం ముందుగా కాగితం మీద రాసి, స్కాన్ ఫలితంతో సరిపోల్చుకోండి. ఎన్ని కలిశాయి, ఎన్ని తప్పాయి అన్న లెక్క మీ దగ్గర ఉండాలి. ట్రైనర్ "నీ కెమెరాను ఎంతవరకు నమ్మాలి?" అని అడిగినప్పుడు ఆ లెక్క చూపించండి. దాన్ని చూసి పని ఇచ్చే క్లయింటే మీతో ఎక్కువ కాలం ఉంటాడు.